వేసెయ్ అన్న మాట

దైవాశీర్వాదం గారంత పిరికి మనిషిని నేను ఎక్కడా చూడలేదు. ఈ మాట ఆయన మొహం మీదే చాలాసార్లు అన్నాను. ఆయనకేం కోపం వచ్చేది కాదు. "నిజమే సిస్టర్, నాకు భయం ఎక్కువ" అని ఒప్పేసుకునేవారు. ఒప్పేసుకునేవాళ్లతో పోట్లాడటం నాకు చేతకాదు. అందుకని ఇంకాస్త ఒళ్లు మండేది.

ఇంత భయం పెట్టుకుని ఆయన చేసే పని కరెంటుతో. న్యూజెర్సీలో మా ఊరు ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్డు పొడుగునా మన కొట్లలో పాలు, పెరుగు, దోసెల పిండి చెడిపోకుండా ఉంటున్నాయంటే, ఆ కూలర్లలో సగం ఆయన బిగించినవే. గదంత పెద్ద కూలర్లు, వాటిలో చలిగాలి విసిరే ఫ్యాన్లు, మేడ మీద గుర్రుమంటూ తిరిగే మెషిన్లు, అన్నిటికీ వైర్లు లాగి, నడిపించి అప్పగించే కంపెనీలో ఆయన సీనియర్ టెక్నీషియన్. ఆయనా, ఆయన భార్య లూసీ, నేనూ ఒకే తెలుగు చర్చి సభ్యులం. నా పేరు జోసఫిన్. ఒక మందుల కంపెనీలో జీతాల లెక్కలు చూస్తాను, చర్చిలో వంటగది చూస్తాను. రెండిట్లో వంటగదే పెద్ద ఉద్యోగం.

ఆ పిరికితనం ఎక్కడినుంచి వచ్చిందో ఒకసారి ఆయనే చెప్పారు. ఆయనది నరసాపురం వైపు. వయసులో ఉండగా రొయ్యలకి ఐసు సప్లై చేసే ఫ్యాక్టరీలో పనికి కుదిరారు. అక్కడ సత్యం అని ఒక మేస్త్రి ఉండేవాడు. ఒక మధ్యాహ్నం సత్యం మెయిన్ తీసేసి, లోపలి గదిలో మోటారు వైర్లు మారుస్తున్నాడు. ఇంతలో గుమస్తా బయటనుంచి వచ్చి, మెయిన్ తీసి ఉండటం చూశాడు. ఐసంతా కరిగిపోతోందని విసుక్కుని వేసేశాడు. లోపల మనిషి ఉన్నాడని అతనికి తెలియదు. ఆశీర్వాదం గారు సత్యం పక్కనే టార్చిలైటు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆ తర్వాత ఏం చూశారో మాత్రం ఆయన ఎవరికీ చెప్పలేదు. చెప్పబోయి, ఆగిపోయి, మంచినీళ్లు తాగేవారు.

"నాకు కరెంటంటే భయం లేదు సిస్టర్" అన్నారు ఆ రోజు. "దానికో పద్ధతుంది. తీస్తే పోద్ది, వేస్తే వస్తది. మెయిన్ దగ్గరికొచ్చే మనిషంటేనే భయం. పాపం ఆయనకి మనం లోపలున్నామని తెలవదు కదా."

లూసీ నర్సు. ఆమె ఉద్యోగం మీద ఇద్దరూ ఇక్కడికి వచ్చారు. వచ్చిన కొత్తలో ఆయన ఒక కిరాణా కొట్లో కూరగాయలు సర్దేవారు. ఆ కొట్లో కూలర్ పాడైనప్పుడు బాగుచేయడానికి వచ్చినవాళ్ల వెనకాలే నిలబడి చూస్తుంటే, వాళ్లలో ఒకాయన కూలర్‌కి కరెంటు వచ్చే స్విచ్చికి, అదే బ్రేకర్‌కి, ఎర్ర తాళం వేసి, తాళంచెవి తన జేబులో వేసుకున్నాడట. ఇక్కడ అది రూలు. ఎవరు వైర్ల మీద చెయ్యి పెడతారో వాళ్లు తమ సొంత తాళం వేయాలి, ఆ తాళంచెవి వాళ్ల దగ్గరే ఉండాలి. వాళ్లు తీసేదాకా ఆ బ్రేకర్‌ని ఎవరూ వేయలేరు. "అది చూశాక నాకు ఏడుపొచ్చేసింది సిస్టర్" అన్నారు. "ఇంత చిన్న తాళం. సత్యం బాబాయికి ఎవరూ చెప్పలేదు." ఆ సాయంత్రమే లూసీతో మళ్లీ తన పాత పనిలోకి వెళతానన్నారు. లూసీ వద్దంది. ఇప్పటికీ వద్దనే అంటూ ఉంటుంది. ఆయన మాత్రం స్కూల్లో చేరి, పరీక్షలు రాసి, లైసెన్సు తెచ్చుకున్నారు.

ఇక ఆయన పనిచేసే తీరు చూడాలి. చూస్తే మీకూ విసుగొస్తుంది. బ్రేకర్ తీస్తారు. దానికో ఇనుప క్లిప్పు తగిలించి, తాళం నొక్కి, గుంజి చూస్తారు. పెళ్లి ఉంగరం తీసి చొక్కా జేబులో వేసుకుని గుండీ పెట్టుకుంటారు. పనిచేస్తున్న ప్లగ్గులో మీటరు పెట్టి, కరెంటు తగిలి అది అరిస్తే, మీటరు బాగానే ఉందని చూసుకుంటారు. అప్పుడు తను ముట్టుకోబోయే వైర్ల మీద పెడతారు. మళ్లీ వెళ్లి ప్లగ్గులో పెట్టి, ఈలోపు మీటరు చచ్చిపోలేదు కదా అని చూస్తారు. ఇంతా అయ్యాక ఎడంచెయ్యి వెనక జేబులో పెట్టుకుని, కుడిచేతి వేళ్ల వెనకవైపుతో వైరుని ఒక్కసారి తాకుతారు. చిన్నపిల్లలు వేడి పాలగిన్నె తాకినట్టు. అప్పటికి నేను రెండు కూరలు వండేస్తాను.

మా చర్చి కిందటేడు ఒక పాత కార్పెట్ల షోరూము కొనుక్కుని అందులోకి మారింది. ఆదివారం ఆరాధన తర్వాత అందరికీ భోజనం పెడతాం. ఎమ్మెస్ చదువుకునే పిల్లలు ఆ ఒక్క భోజనం కోసం బస్సులు మారి వస్తారు. వాళ్లకి డబ్బాల్లో కట్టి కూడా పంపిస్తాం. జులైలో ఒకసారి శనివారం వండి పెట్టిన చికెన్ ఆదివారానికి వాసనొచ్చింది. గిన్నెలకి గిన్నెలు పారబోస్తుంటే నాకు దుఃఖం ఆగలేదు. అప్పుడే మూతపడిన ఒక రెస్టారెంటు నుంచి గదిలాంటి పాత కూలర్ ఒకటి దొరికింది. ఆశీర్వాదం గారు తన కంపెనీ పేరు మీద పర్మిట్ తీసుకుని, తన సెలవుల్లో వచ్చి బిగిస్తానన్నారు.

ఆ వారమంతా నేను ఆయన్ని సాధిస్తూనే ఉన్నాను. బ్రేకర్ల పెట్టె వంటగది వెనక నడవలో ఉంది. మెషిన్ మేడ మీద ఉంది. మేడ మీదికి మెట్లు లేవు. స్టోర్‌రూములో గోడకి బిగించిన ఇనుప నిచ్చెన ఎక్కి, పైన మూత తోసుకుని వెళ్లాలి. ఆయన పైన ఏదో బిగించి కిందికి దిగి తాళం తీస్తారు, చూస్తారు, మళ్లీ తాళం వేసి ఎక్కుతారు. "కింద ఎవరినైనా నిలబెట్టి ఫోన్లో చెప్పొచ్చు కదా బ్రదర్, మోకాళ్లు అరిగిపోతాయి" అంటే, "ఫోన్లో చెప్పే పని కాదు సిస్టర్" అనేవారు.

ఆ శనివారం మాత్రం ఫోన్ తప్పలేదు. మర్నాడు బాప్తిస్మాలున్నాయి, మామూలు ఆదివారానికి రెట్టింపు జనం వస్తారు. చికెన్, పెరుగు సాయంత్రానికి దిగుతాయి. మెషిన్ మొదటిసారి తిరిగేటప్పుడు ఆయన దాని పక్కనే ఉండి చూడాలి, కింద ఎవరో ఒకరు బ్రేకర్ వేయాలి. కాలేబ్ ఉన్నాడు. జెర్సీ సిటీలో ఒక బ్యాంకుకి సాఫ్ట్‌వేర్ రాసే కుర్రాడు, పుట్టి పెరిగింది హైదరాబాదులో, ఏ పని చెప్పినా కాదనడు. ఆశీర్వాదం గారు అతన్ని పెట్టె ముందు నిలబెట్టి, ఏ బ్రేకరో వేలు పెట్టి చూపించి, తన తాళం తీసి పక్కనున్న మేకుకి తగిలించి పైకి వెళ్లారు. తాళంచెవి దారం కట్టి ఆయన మెడలోనే ఉంది. నేను నడవలోనే బియ్యం బస్తా విప్పుతున్నాను. వంటగదిలో లూసీ ఉల్లిపాయలు తరుగుతోంది.

కాలేబ్ ఫోన్ స్పీకర్లో పెట్టాడు. పైన గాలి ఉన్నట్టుంది, మాట వెనక రొద వినిపిస్తోంది.

"తమ్ముడూ, వెయ్యి" అన్నారు ఆశీర్వాదం గారు.

కాలేబ్ వేశాడు. మేడ మీద మెషిన్ మూలిగింది. తిరగలేదు.

"తీసెయ్, తీసెయ్. తీశావా?"

"తీసిన అన్నా."

"ఒక వైరు సరిగ్గా కూర్చోలేదనుకుంటా. మూడు వైర్లలో ఒకటి అందకపోతే ఇట్లాగే మూలుగుద్ది. డబ్బా విప్పి బిగిస్తా." ఆయన గొంతులో ఏదో తొందర వినిపించింది. నేనెప్పుడూ ఆయన దగ్గర తొందర వినలేదు. "మబ్బు బాగా కమ్మేసింది. వాన పడేలోపు డబ్బా మూసెయ్యాలి. నేను కిందికి దిగి వచ్చేసరికి తడిసిపోద్ది. తమ్ముడూ, నువ్వే వేసెయ్."

"వేసెయ్యాల్నా?"

"వేసెయ్, వేసెయ్."

కాలేబ్ బ్రేకర్ పిడిని అటునుంచి ఇటు నెట్టాడు. టక్కుమంది.

"వేశావా?"

"వేసిన అన్నా."

"సరే. నేను డబ్బా విప్పుతున్నా" అన్నారు. ఫోన్ ఆగిపోయింది.

మేడ మీద ఆ డబ్బా సంగతి ఆయన నాకు ముందురోజే చెప్పి ఉన్నారు. కిందనుంచి వచ్చే వైర్లు మెషిన్ పక్కనున్న ఆ ఇనుప డబ్బాలోకి వచ్చి, అక్కడినుంచి మెషిన్‌లోకి వెళతాయి. డబ్బాకి ఒక పిడి ఉంటుంది. దాన్ని లాగితే మెషిన్ ఆగుతుంది గానీ, కిందనుంచి వచ్చిన వైర్ల చివర్లలో కరెంటు ఉంటూనే ఉంటుంది. బ్రేకర్ తీస్తే తప్ప అది పోదు. డబ్బా విప్పడానికి ఆయన ముందే ఆ పిడి లాగేసి ఉంటారు, అందుకే రెండోసారి మెషిన్ మూలగలేదు. "డబ్బా ఆపేశాం కదా అని చెయ్యి పెట్టినవాళ్లు చాలామంది పోయారు సిస్టర్" అన్నారు.

నేను బియ్యం కొలుస్తూ ఎందుకో తలెత్తాను. మేకుకి ఎర్ర తాళం వేలాడుతోంది. వారం రోజులుగా ఆ తాళాన్ని బ్రేకర్‌కి తప్ప ఇంకెక్కడా చూడలేదు నేను. ఆయన పైనున్నప్పుడు అది మేకుకి ఉండటం ఏమిటని అప్పటికింకా భయం కాదు, చిరాకు వేసింది.

"ఏరా కాలేబ్, తాళం వెయ్యలేదేం?"

"తాళమా?" అన్నాడు వాడు. "కరెంట్ వెయ్యమన్నడు గదా ఆంటీ. వేసిన."

మన భాషలో తాళమూ వేస్తాం, లైటూ వేస్తాం. తాళమూ తీస్తాం, లైటూ తీస్తాం. పుట్టినప్పటినుంచీ మాట్లాడుతున్నాను, ఒక్కనాడూ నాకది వింతగా అనిపించలేదు. ఆశీర్వాదం గారికి వేయడం అంటే తాళం వేయడమే. ఆయన బతుకంతా ఆ తాళం మీదే ఉంది, వేరే అర్థం ఆయనకి తట్టి ఉండదు. కాలేబ్ అప్పుడే ఒకసారి 'వెయ్యి' అంటే కరెంటు వేశాడు. రెండోసారి కూడా అదే వేశాడు. ఇద్దరూ ఒకటే మాట అన్నారు, ఒకటే మాట విన్నారు. ఆయన పైన డబ్బా విప్పుతున్నారు.

ఇదంతా నాకు ఒక్కసారే అర్థమైంది. ఎలా లేచానో తెలియదు, బియ్యం నేల మీద పారబోసి పెట్టె మీద పడ్డాను. ఆ పిడిని వెనక్కి లాగాను. ఒక్కసారికి రాలేదు, రెండు చేతులతో లాగాను. అప్పుడు ఆఫ్ అన్న అక్షరాలు బయటపడ్డాయి. తాళం ఎలా తగిలించాలో నాకు తెలియదు, ఆ క్లిప్పు చేతిలోంచి జారిపోయింది.

"ఫోన్ చెయ్యి. ముట్టుకోవద్దని చెప్పు" అన్నాను.

కాలేబ్ మొహం పాలిపోయింది. అతనికి అప్పటికి అర్థమైంది. ఫోన్ చేశాడు. మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్లీ చేశాడు. ఎత్తడం లేదు.

"ఇక్కడే నిలబడు. ఎవరొచ్చినా దీనిమీద చెయ్యి పెట్టనివ్వకు. నువ్వూ పెట్టకు."

స్టోర్‌రూముకి వెళ్లాలంటే వంటగదిలోంచే వెళ్లాలి. లూసీ ఉల్లిపాయల కన్నీళ్లు మోచేత్తో తుడుచుకుంటూ నన్ను చూసింది.

"ఎక్కడికక్కా ఆ పరుగు?"

"పైకి. బ్రదర్‌కి టీ కావాలేమో అడుగుతా." నా నోటికి అదే వచ్చింది. ఆమెకి చెప్పడానికి నాకు ధైర్యం చాల్లేదు. ఏం చెప్పాలి? నీ మొగుడు బతికున్నాడో లేదో చూసి వస్తానని చెప్పాలా?

"నిచ్చెనెక్కి టీ అడగటమేంటి? ఉండు, నేను ఫోన్ చేస్తా" అంది లూసీ నవ్వుతూ.

నేను ఆగలేదు. నాకు ఎత్తంటే చచ్చేంత భయం. స్టూలెక్కి డబ్బా దించమంటేనే ఇంకొకరిని పిలుస్తాను. ఆ ఇనుప నిచ్చెన గోడకి అంటుకుని తిన్నగా పైకి వెళుతుంది, కాలిమడమ ఆనడానికి చోటు లేదు. చున్నీ తీసి కింద పారేసి ఎక్కడం మొదలుపెట్టాను. చెమటకి చేతులు జారుతున్నాయి. సగం ఎక్కేసరికి పైనుంచి ఫోన్ మోగడం వినిపించింది. ఆయన ఫోన్ మోత నాకు తెలుసు, ఆరాధన మధ్యలో ఎన్నిసార్లు మోగితే తిట్టానో. మూత సందులోంచి స్పష్టంగా వినిపిస్తోంది. మోగుతోంది, మోగుతోంది, ఆగిపోయింది.

"ఎత్తట్లేదక్కా" అని కిందనుంచి లూసీ అంటోంది. గొంతులో ఇంకా నవ్వు పోలేదు. "చెవుల్లో ఏం పెట్టుకున్నారో."

మళ్లీ మోగింది. నేను నిచ్చెన కరుచుకుని ఆగిపోయాను. పైకి వెళితే ఏం కనిపిస్తుందో అని నాకు వెళ్లబుద్ధి కాలేదు. నిజం చెబుతున్నాను, దిగిపోదామనిపించింది. ఇంకెవరినైనా పంపిద్దామనిపించింది. సత్యం గురించి ఆయన చెప్పకుండా మింగేసిందంతా అప్పుడు నా కళ్ల ముందుకొచ్చింది. ప్రభువా, ప్రభువా అనుకోవడం తప్ప ప్రార్థన కూడా రాలేదు. ఆ మాటే అనుకుంటూ ఒక్కో మెట్టూ ఎక్కి, మూత తలతో తోసి బయటికి చూశాను.

వాన మొదలైంది. మెషిన్ కనిపించింది. పక్కన డబ్బా మూత ఊడదీసి ఉంది. దాని ముందు నేల మీద ఫోన్ పడి ఉంది, తెర వెలుగుతోంది, లూసీ పేరు కనిపిస్తోంది. ఒక స్క్రూడ్రైవర్ పడి ఉంది. మనిషి లేడు.

"బ్రదర్" అన్నాను. మళ్లీ పిలిచాను.

"దగ్గరికి రావొద్దు సిస్టర్."

మెషిన్ అవతల, పిట్టగోడకి వీపు ఆనించి, మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఉన్నారు. తడిసిపోయి ఉన్నారు. చేతిలో మీటరు అలాగే ఉంది, దాని రెండు తీగలూ ఒళ్లో పడి ఉన్నాయి. మొహంలో రక్తం లేదు.

"అందులో కరెంటుంది" అన్నారు. "నీళ్లు పడుతున్నాయి. దాని దగ్గరికి రావొద్దు. నేను వెళ్లి ఫోన్ కూడా తీసుకోలేకపోయాను."

"లేదు బ్రదర్. నేను తీసేశాను."

ఆయన నావైపు చూశారు. ఆ చూపు నేను చచ్చేదాకా మరిచిపోను. నా మాట ఆయనకి అందుతోంది గానీ, దాన్ని నమ్మడానికి ఆయనకి ధైర్యం లేదు.

"తీశారంటే? ఏం తీశారు? తాళం తీశారా, కరెంటు తీశారా?"

ఏ మాట చెప్పినా ఆయనకి రెండుగా వినిపిస్తుంది. యాభై ఏళ్లుగా మాట్లాడుతున్న భాష నన్ను ఒక్క నిమిషంలో మూగదాన్ని చేసేసింది.

"బ్రేకర్ పిడి పట్టుకుని ఇటువైపు లాగాను" అన్నాను, చేత్తో చూపిస్తూ. "ఆఫ్ అని రాసి ఉంది. ఓ, ఎఫ్, ఎఫ్. చదివాను. కాలేబ్ అక్కడే నిలబడి ఉన్నాడు. తాళం ఇంకా మేకుకే ఉంది, నాకు తగిలించడం రాలేదు."

"తాళం లేదా?"

"లేదు."

"అయితే నేనే దిగి చూడాలి" అన్నారు. లేవబోయారు, లేవలేకపోయారు. గోడ పట్టుకుని, డబ్బాకి ఎంత దూరంగా నడవగలరో అంత దూరంగా చుట్టూ తిరిగి, నా దగ్గరికి వచ్చారు. మూత పక్కన కూలబడ్డారు. అప్పుడు చెప్పారు.

"ఈసారి మీటరు పెట్టకూడదనుకున్నా సిస్టర్. తాళం వేశాడు కదా, వానొస్తోంది, ఒక్క స్క్రూయే కదా అనుకున్నా. స్క్రూడ్రైవర్ తీసుకుని లోపల పెట్టబోయా. ఇదిగో, ఇంత దూరం." వేళ్లతో చూపించారు. ఆ సందులో బియ్యపుగింజ కూడా పట్టదు. "చెయ్యి వెళ్లలేదు. భయం వేసింది. ఎందుకో నాకు తెలవదు, వేసింది అంతే. అది కింద పెట్టి మీటరు తీశా. పెట్టగానే అరిచింది. నాకు సత్యం బాబాయి కనపడ్డాడు."

నాకు కింద నవ్వుతూ ఫోన్ చేస్తున్న లూసీ కళ్లలో మెదిలింది. ఏడుపొచ్చింది, ఏడిస్తే నిచ్చెన మీద నుంచి పడతానని ఆపుకున్నాను.

నేను ముందు దిగాను, ఆయన వెనక దిగారు. లూసీ నిచ్చెన కిందే నిలబడి ఉంది. నా చున్నీ ఆమె చేతిలో ఉంది. మా మొహాలు చూసింది. ఆయన దిగి నిలబడగానే రెండు చేతులూ పట్టుకుని తిప్పి తిప్పి చూసింది, వేళ్ల సందులు, అరచేతులు, మణికట్లు. ఎక్కడా కాలిన మచ్చ లేదు. అప్పుడు నాడి పట్టుకుంది. ఆమె పెదాలు కదులుతున్నాయి, లెక్కపెడుతోందో ప్రార్థన చేస్తోందో నాకు తెలియదు.

ఆశీర్వాదం గారు ఆమె చెయ్యి విడిపించుకుని నడవలోకి వెళ్లారు. కాలేబ్ నేను నిలబెట్టినచోటే నిలబడి ఏడుస్తున్నాడు. "నేను సమజ్ చేసుకోలే అన్నా" అన్నాడు. ఆయన అతని భుజం తట్టి, పిడి చూసి, క్లిప్పు తగిలించి, తాళం నొక్కారు. రెండుసార్లు తప్పిపోయింది. పడ్డాక గుంజి చూశారు. మళ్లీ గుంజి చూశారు.

"నీ తప్పు కాదు తమ్ముడూ. నేను తాళం అన్న మాట అనలేదు. తొందరలో ఆ ఒక్క మాట మింగేశాను" అన్నారు.

డబ్బా మూయడానికి మళ్లీ పైకి వెళ్లాలి, తప్పదు. వాన గట్టిగా పడుతోంది. ఆయన మీటరూ ప్లాస్టిక్ షీటూ తీసుకుని నిచ్చెన దగ్గరికి వెళ్లారు. లూసీ బ్రేకర్ల పెట్టె ముందుకి వచ్చి, దానికి వీపు ఆనించి, చేతులు కట్టుకుని నిలబడింది. తాళం వేసే ఉంది కదమ్మా అన్నాను. ఆమె కదల్లేదు. వంటగదిలోంచి వస్తూ ఉల్లిపాయలు తరిగే కత్తి చేతిలోకి తీసుకున్నట్టుంది, అది పట్టుకుని ఉన్నానని ఆమెకి తెలిసినట్టు లేదు. మేం పైన అడుగుల చప్పుడే వింటూ నిలబడ్డాం. చప్పుడు ఆగినప్పుడల్లా నాకు ఊపిరి ఆగిపోయేది. మళ్లీ అడుగు వినిపిస్తే వచ్చేది.

ఆయన దిగివచ్చేసరికి సంగతి తెలిసి పాస్టర్ గారు ముందు హాల్లోంచి వచ్చారు. కుర్చీలు సర్దుతున్నవాళ్లు కూడా వచ్చారు. ఆ ఇరుకు నడవలో ఆయన చుట్టూ నిలబడ్డాం. మా వాళ్లందరికీ ఇలాంటప్పుడు చేతనయ్యేది ఒకటే పని. పాస్టర్ గారు ఆయన తల మీద చెయ్యి పెట్టారు. మేం ఒకరి భుజాల మీద ఒకరం చేతులు వేసుకుని కళ్లు మూసుకున్నాం. పాస్టర్ గారు మంచి మనిషి, ఆయన వణుకుతున్న ఒంటిని చూసి కరిగిపోయారు.

"పరలోకమందున్న మా తండ్రీ, నీ బిడ్డను మరణపు నోటి నుంచి కాపాడినందుకు వందనాలు. ఇతని హృదయంలో ఉన్న ఈ భయాన్ని పూర్తిగా తీసివేయుము తండ్రీ. ఇకమీదట ఎన్నడూ..."

"వద్దు పాస్టర్ గారూ" అన్నారు ఆశీర్వాదం గారు.

కళ్లు తెరిచి చూశాను. ప్రార్థన మధ్యలో మాట్లాడటం మా చర్చిలో నేనెప్పుడూ ఎరగను. ఆయన తలవంచుకునే ఉన్నారు. పాస్టర్ గారి చెయ్యి ఆయన తల మీదే ఉంది.

"అది తీసెయ్యమనొద్దండి. అదొక్కటే ఉంది నాకు. అది లేకపోతే ఈపాటికి నేను..." మాట పూర్తి చేయలేకపోయారు. చొక్కా జేబు గుండీ తీసి, ఉంగరం బయటికి తీసి వేలికి పెట్టుకోబోయారు. అది ఎక్కలేదు. లూసీ కత్తి పక్కన పెట్టి, ఉంగరం తీసుకుని, తనే తొడిగింది.

"మరి ఏమని అడగమంటారు బ్రదర్?" అన్నారు పాస్టర్ గారు మెల్లగా.

"ఉంచమని అడగండి."

పాస్టర్ గారు భయం పొమ్మని ఎన్ని వందలసార్లు ప్రార్థన చేసి ఉంటారో గానీ, ఉండమని ఎలా చేయాలో ఆయనకి మాటలు దొరకలేదు. గొంతు సవరించుకున్నారు, కళ్లు మూసుకున్నారు, మళ్లీ తెరిచారు. ఆయన ఇంకా మొదలుపెట్టనేలేదు, ఇన్నేళ్లుగా ఈ పని మానెయ్యమని మొగుడి వెంటపడిన లూసీ, ఆయన చెయ్యి వదలకుండానే, అందరికంటే ముందు ఆమెన్ అనేసింది.